భూమికి కాంటా పెడుతున్నరు, ఆ లెక్క మనకెందుకు తెల్వాలె?

పోయిన ఎండకాలం ఆసిఫాబాద్ దిక్కు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేసిండు. "అన్నా, మా ఊరి చెల్కలల్ల ఎవరో తిరుగుతున్నరు. ఒక డబ్బా తెచ్చి నేల మీద పెడుతున్నరు. అటు ఇటు ఊగకుండ సమానంగ సదురుతున్నరు. కొంచెంసేపు కదలకుండ నిలవడి ఏదో రాసుకొని పోతున్నరు. ఇంకొంత దూరం పోయినంక మల్ల అదే పని. తవ్వుతలేరు, పొడుస్తలేరు. ఊర్ల ఒకలు బంగారం అంటున్నరు, ఒకలు యురేనియం అంటున్నరు. మా నాయినేమో ఓపెన్‌కాస్టు వస్తదని రెండు రోజుల సంది సరిగ తింటలేడు" అన్నడు.

ఆ నాయిన భయం ఉత్తది కాదు. మన దిక్కు సర్వే అనే మాట వింటె భూమి పోతదనే అర్థం. నేను భూగర్భ శాస్త్రం కాలేజీల సదివినోన్ని కాదు. బొగ్గు కింద భూములు పోయిన ఊర్ల పొంటి తిరుగుకుంట, దొరికిన కాయితమల్ల సదువుకుంట నేర్సుకున్న. అందుకే ఆ తమ్ముడికి ఫోన్ల చెప్పిన ముచ్చటనే ఇక్కడ జర వివరంగ రాస్తున్న.

ఆ డబ్బా పేరు గ్రావిమీటరు. మన భాషల చెప్పాల్నంటె అది భూమికి పెట్టే కాంటా. లోపల ఒక సన్నని స్ప్రింగు, దానికి వేలాడే ఒక చిన్న బరువు ఉంటయి. కింద బరువైన రాయి ఉంటె ఆ స్ప్రింగు ఓ నూలంత ఎక్కువ సాగుతది. తేలికైన రాయి ఉంటె తక్కువ సాగుతది. అంతే సంగతి. ఎందుకంటె ప్రతి వస్తువు ఇంకో వస్తువును గుంజుతది. భూమి మనల్ని గుంజుడు అన్ని జాగలల్ల ఒక్క తీరుగ ఉండదు.

ఆ తేడా ఎంత చిన్నదో చెప్తె నవ్వుతరు. భూమి గుంజుడును మిల్లీగాల్ అనే కొలతల లెక్కవెడతరు. గెలీలియో పేరు మీద పెట్టిన కొలత అది. మొత్తం గుంజుడు సుమారు 9,80,000 మిల్లీగాళ్ళు. అండ్ల వీళ్ళు వెతికేది ఒకటో, పదో, ముప్పయ్యో మిల్లీగాళ్ళ తేడా. లక్ష రూపాయల కట్టల పది పైసలు తక్కువున్నయని పట్టుకున్నట్టు. గందుకే ఆ డబ్బాను పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంటరు.

ఇంత సున్నితమైన కాంటాకు అన్నీ అడ్డమే. ఒక్క మీటరు ఎత్తు గట్టు ఎక్కితె 0.3 మిల్లీగాల్ దాక తగ్గుతది, ఎందుకంటె భూమి నడిమిట్లకెల్లి అంత దూరం జరిగినం. పక్కన గుట్ట ఉంటె అది తన దిక్కు గుంజుతది. పైన సూర్యుడు, చంద్రుడు గుంజుతరు, సముద్రానికి ఆటుపోట్లు తెచ్చేది ఆ గుంజుడే. స్ప్రింగు కూడ పొద్దటి నుంచి పొద్దుమీకి దాక కొంత అలసిపోతది. అందుకే వాళ్ళు పొద్దుగాల మొదలువెట్టిన జాగకే మల్ల మల్ల వచ్చి కొలుస్తరు. మన ఊరోళ్ళు దాన్ని చూసి "ఆ జాగలనే ఏదో ఉన్నది, అందుకే ఇడుస్తలేరు" అనుకుంటరు. అక్కడ ఏం లేదు. అది కాంటా సరిగున్నదా లేదా అని చూసుకునుడు.

ఎత్తును, గుట్టలను, సూర్యచంద్రులను అన్నిటిని లెక్కల కెల్లి తీసేసినంక మిగిలే తేడాకు బూగే అనోమలీ అని పేరు. బూగే అనేటాయన ఫ్రాన్స్ దేశపోడు, 1730లల్ల దక్షిణ అమెరికాల ఆండీస్ పర్వతాల కాడ కొలతలు తీసినోడు. ఇసొంటి కొలతలతోని మన దేశానికి కూడ పాత సంబంధమే ఉన్నది. దేశం నడుమ పొంటి దక్షిణం నుంచి ఉత్తరానికి కొలుసుకుంట పోయిన లాంబ్టన్, 1823ల హైదరాబాద్ ఇడిసి నాగపూర్ దిక్కు పోతూ హింగన్‌ఘాట్ కాడ సచ్చిపోయిండు. మన ఆదిలాబాద్‌కు పెన్‌గంగ అవతలనే ఆ ఊరు. ఆయన తర్వాత ఆ పని నడిపించిన ఎవరెస్టు కొలతలల్ల, హిమాలయాల దగ్గర కొన్ని సెకన్ల కోణం తేడా వచ్చింది. పర్వతం తూకపు గుండును పక్కకు గుంజాలె. కాని అనుకున్నంత గుంజలే. పర్వతం కింద తేలిక రాయి వేరులెక్క లోతుకు దిగి ఉన్నదన్న ఆలోచన అట్ల పుట్టింది. చూడకుండనే, బరువు లెక్కతోని లోపలి సంగతి పట్టుకునుడు అక్కడ మొదలైంది.

ఇగ మన జాగకు వద్దాం. పటంల ఆసిఫాబాద్, బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండం, భూపాలపల్లి, మణుగూరు, కొత్తగూడెం మీద వేలు పెట్టి గీత గీయుండ్రి. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి ఇంచుమించు ఒక్కటే వరుస. ఆ వరుసల బొగ్గు బాయిలు ఉండుడు సింగరేణి తెలివి కాదు, భూమి చేసిన పని. అక్కడ ఎప్పుడో భూమి రెండు పగుళ్ళ నడుమ కుంగింది. కుంగిన పొడుగాటి గుంతల కోట్ల ఏండ్లు ఇసుక, ఒండ్రు, చెట్లు పేరుకున్నయి. ఆ చెట్లే సుమారు 25, 30 కోట్ల ఏండ్ల కిందటి బొగ్గు. శాస్త్రవేత్తలు దీన్ని ప్రాణహిత-గోదావరి బేసిన్ అంటరు, అండ్ల పేరుకున్న రాళ్ళను గోండ్వానా రాళ్ళు అంటరు. విలియం కింగ్ అనే జియాలజిస్టు ఈ లోయ మొత్తం తిరిగి రాసిన పుస్తకం 1881ల అచ్చయింది. గోండుల పేరు మీదనే ఒక పాత మహాఖండాన్ని ప్రపంచమంత గోండ్వానా అని పిలుస్తది. ఆ గోండోళ్ళకే ఇక్కడ పోడు భూమికి పట్టా కోసం ఆఫీసుల సుట్టు తిరుగుడు తప్పుతలేదు. ఇది పక్క ముచ్చటనే, కాని రాయకుంట ఉండలేకపోయిన.

ఈ గుంతల బొగ్గు ఒక్కటే లేదు. వేమనపల్లి దిక్కు యామన్‌పల్లి కాడ ఈ రాళ్ళల్లనే రాకాసి బల్లి బొక్కలు దొరికినయి. దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టిండ్రు. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంల నిలవెట్టి ఉన్నది. పోయినప్పుడు చూడుండ్రి, మనూరిదే.

ఈ గుంత ఎంత లోతు? పై నుంచి చూస్తె తెల్వదు. ఇసుకరాయి తేలిక, ఘనపు సెంటీమీటరుకు 2.2 నుంచి 2.5 గ్రాములు. గుంత అంచుల కవతల ఉన్న గ్రానైటు 2.65 దాక ఉంటది. అంటె గుంత మీద కాంటా తక్కువ చూపియ్యాలె. అట్లనే చూపించింది. హైదరాబాద్ హబ్సిగూడ కాడున్న ఎన్జీఆర్ఐ 1961ల పెట్టిండ్రు. ఖురేషీ, ఆయన తోటి శాస్త్రవేత్తలు 1968ల గోదావరి లోయ గ్రావిటీ మీద ఒక వ్యాసం అచ్చేసిండ్రు. లోయ పొడుగునా బరువు తక్కువ పట్టీ, దానికి రెండు భుజాల మీద బరువు ఎక్కువ. భూమి పగిలి కుంగిన లోయ అనేటందుకు అదొక పెద్ద గురుతు.

ఇక్కడ ఒక మాట గట్టిగ పట్టుకోవాలె. గ్రావిటీ కాంటా బొగ్గును చూడది. బొగ్గు పొరలు కొన్ని మీటర్ల మందం. అవి కిలోమీటర్ల మందం ఇసుకరాయి నడుమ కలిసిపోతయి. కాంటా చూసేది బొగ్గు పేరుకునే వీలున్న గుంతను. "మిషన్ల బొగ్గు కనవడ్డదట" అని ఎవలన్న చెప్తె నమ్మకుండ్రి.

గుంతను కూడ అది చూసినట్టు చూడది. ఇదే అసలు ముచ్చట. వడ్ల కొనుగోలు సెంటర్ల కాంటా మీద 40 కిలోల బస్తా పెడతరు. కాంటా 40 అని చూపిస్తది. లోపల గట్టి గింజలున్నయా, తాలు ఉన్నదా, తడిసిన వడ్లున్నయా అనేది కాంటా చెప్పదు. అందుకే ఇనుప గొట్టం బస్తాకు పొడిచి గింజలు తీసి చూస్తరు. తేమ మిషన్ పెడతరు. తరుగు పేరు మీద మనల్ని ఎట్ల ముంచుతరో అది వేరే కథ. కాని బరువు ఒక్కటి తెలిస్తె లోపలి సంగతి తెల్వదని మన ఊర్ల ప్రతి రైతుకు ఎరుకే.

భూమికి కూడ అంతే. లెక్క చేసి చూద్దాం. వెడల్పాటి పొర ఒకటి సుట్టున్న రాయి కన్న ఘనపు సెంటీమీటరుకు ఒక గ్రాము తేలిక అయితె, ప్రతి కిలోమీటరు మందానికి సుమారు 42 మిల్లీగాళ్ళు తగ్గుతది. ఇప్పుడు ఒక జాగల 31 మిల్లీగాళ్ళు తక్కువ వచ్చింది అనుకోండ్రి. కింద మూడు కిలోమీటర్ల మందం పొర ఉండి, తేడా పావు గ్రాము అయితె ఆ లెక్క వస్తది. ఒకటిన్నర కిలోమీటర్ల మందమే ఉండి, తేడా అర గ్రాము అయితె కూడ అదే 31 వస్తది. రెండు కిలోమీటర్లు అయి తేడా 0.375 అయితె మల్ల అదే. మూడు వేరు వేరు భూములు, కాంటా మీద ఒక్కటే అంకె. దీన్ని సరిచేసే గణితం లేదు. ఎంత పెద్ద కంప్యూటరు తెచ్చినా లేదు.

మరి మోడల్ ఎట్ల కడతరు? ముందుగాల ఒక అంచనా గీస్తరు, ఇంత లోతు గుంత, ఇంత వాలు పగులు, ఇంత బరువు రాయి అని. ఆ బొమ్మకు ఎంత గుంజుడు రావాల్నో కంప్యూటరు లెక్కవెడతది. పొలంల వచ్చిన కొలతతోని పోలుస్తరు. తేడా ఉంటె బొమ్మను మారుస్తరు. కలిసేదాక అదే పని. కలిసినంక కూడ ఆ బొమ్మ ఒక్కటే నిజం అని కాదు, కొలతకు సరిపోయే బొమ్మలల్ల ఇదొకటి అని అర్థం. అందుకే వేరే సాక్ష్యాలు కావాలె. చేతిల ఉన్న రాయిని తూకం వేసి బరువు పట్టుకుంటరు. బోరు వేసిన జాగ ఉంటె లోతు దొరుకుతది. ఇంకో సాక్ష్యం అయస్కాంతం.

భూమి మొత్తం ఒక పెద్ద అయస్కాంతం. మన దిక్కు దాని బలం నలభై వేల చిల్లర నానోటెస్లాలు. కొన్ని రాళ్ళల్ల మాగ్నెటైట్ అనే నల్ల ఇనుప ఖనిజం ఉంటది, అవి దాన్ని కొంచెం పెంచుతయి, కొంచెం తగ్గిస్తయి. ఆ ఖనిజం సంగతి మన కమ్మరోళ్ళకు ఏనాటి నుంచో ఎరుకే. నిజామాబాద్ దిక్కు కోనసముద్రంల మూసల కరిగించి చేసిన ఉక్కును పర్షియా వ్యాపారులు వచ్చి కొనుక్కపోయేటోళ్ళు. 1800ల మొదట్ల వాయ్‌సీ అనే ఇంగ్లిష్ డాక్టరు ఆ పని కండ్లార చూసి రాసి పెట్టిండు.

అయస్కాంతం కొలిచేటోళ్ళు భుజానికి ఒక పొడుగాటి కర్ర పెట్టుకొని నడుస్తరు. కర్ర చివర ఒక డబ్బా ఉంటది. దగ్గరికి పోతె "బెల్టు తియ్యి, ఫోన్ దూరం పెట్టు, బైకు అవతల ఆపు" అంటరు. దాచిపెట్టుడు కాదది. మన బెల్టు బక్కిల్ కూడ కొలత చెడగొడతది.

గ్రానైటు నేల ఉన్న కరీంనగర్ దిక్కు రైతుకు ఈ కొలత బొగ్గు కన్న ఎక్కువ పనికొస్తది. మన చెల్కలల్ల నల్ల బండలు గోడ కట్టినట్టు వరుసగ పోతుంటయి, చూసే ఉంటరు. వాటిని డైకులు అంటరు. గ్రానైటు పగులులకెల్లి కరిగిన రాయి పైకి ఎగవెట్టుకొచ్చి గడ్డగట్టింది. అండ్ల మాగ్నెటైట్ ఎక్కువ. మట్టి కింద దాగి ఉన్నా మాగ్నెటోమీటరు పట్టుకుంటది. వాలుకు అడ్డంగ పోయే డైకు చాలాసార్లు భూమి లోపలి కట్టలెక్క పనిచేస్తది, ఎగువ దిక్కు నీళ్ళు ఆగుతయి. మా బామ్మర్ది చెల్కల కొబ్బరికాయ అరచేతుల పట్టుకొని తిరిగినాయన మూడు బోర్లకు జాగ చూపించిండు, మూడింట్ల దుమ్మే లేసింది. నాలుగోది వేసే ముందు నల్లబండ వరుస ఎటు పోతున్నదో నడిచి చూసినం, విద్యుత్ నిరోధం కొలిచే మిషన్ పెట్టించినం. ఎగువ దిక్కు వేస్తె రెండించుల నీళ్ళు పడ్డయి. ప్రతిసారి పడతయని నేను అంటలేను. కాని కొబ్బరికాయకు పోసిన పైసలు గుర్తుకొస్తె ఇప్పటికీ కడుపు మండుతది.

అయస్కాంతానికి ఇంకో గుణం ఉన్నది. ఇసుకరాయి దానికి అద్దం లెక్క, ఇంచుమించు కనవడది. అందుకే గోదావరి లోయల ఇసుకరాయి కింద ఉన్న పాత గట్టి రాయి ఎంత లోతుల ఉన్నదో అంచనా కట్టనీకె పనికొస్తది. గ్రావిటీ ఒక లోతు చెప్తది, అయస్కాంతం ఒక లోతు చెప్తది, రెండూ కలిసిన బొమ్మకు బలం ఎక్కువ. ఆదిలాబాద్ పడమట దిక్కు సంగతి ఉల్టా. అక్కడ పైన నల్లరేగడి, దాని కింద దక్కను లావా రాయి. ఆ లావా నిండ అయస్కాంత గుణమే. కింద ఏమున్నదో దాని లొల్లిల వినవడది. గ్రావిటీ మాత్రం దాన్ని దాటి కొంత చెప్పగలుగుతది. వార్ధా లోయల లావా కింద కూడ గోండ్వానా రాళ్ళు ఉన్నయి, కాబట్టి ఇది ఉత్త మాట కాదు.

ఇంకో తిరకాసు. మన దగ్గర భూమి అయస్కాంత గీతలు నిలువుగ దిగవు, ఉత్తరం దిక్కు వాలుగ దిగుతయి. అందుకే పటంల ఎర్రగ కనవడ్డ జాగ కిందనే రాయి ఉండాల్నని లేదు. ఒక పక్క ఎక్కువ, ఇంకో పక్క తక్కువ చూపిస్తది, రాయి నడుమల ఎక్కడో ఉంటది. యూట్యూబ్‌ల రంగుల పటం పెట్టి "ఇక్కడ నిధి ఉన్నది" అనేటోళ్ళకు ఇది తెల్వదు. లంకెబిందెల మిషన్లు అని లక్షలకు అమ్మేటోళ్ళకు తెలిసినా చెప్పరు. కిలోమీటరుకు ఒక చుక్క పెట్టి కొలిచిన పటంల బిందె ఎట్ల కనవడతది?

ఒక్కటే పటాన్ని రెండు తీర్లు సదివిన కథ మెక్సికోల జరిగింది. యుకటాన్ దగ్గర చమురు కంపెనీ పెమెక్స్ గ్రావిటీ కొలిస్తె గుండ్రటి ఆకారం కనవడ్డది. బోరు వేస్తె కరిగి గడ్డగట్టిన రాయి వచ్చింది. అగ్నిపర్వతం అనుకున్నరు, చమురు లేదని ఇడిసిపెట్టిండ్రు. 1978ల పెన్‌ఫీల్డ్ అనే ఆయన విమానం మీది అయస్కాంత కొలతలల్ల అదే గుండ్రం చూసి, ఇది ఆకాశం నుంచి పడ్డ బండ చేసిన గుంత అన్నడు. పదేండ్లకు పైగ ఎవలూ గట్టిగ పట్టించుకోలే. 1990 తర్వాత పాత బోరు రాళ్ళల్ల దెబ్బ తిన్న క్వార్ట్‌జ్ కనవడ్డంకనే ఒప్పుకున్నరు. రాకాసి బల్లుల వంశాన్ని ముగించిన 6.6 కోట్ల ఏండ్ల కిందటి దెబ్బ అదే. మన ఆదిలాబాద్ లావా కూడ ఇంచుమించు ఆ కాలందే. పటం అనుమానం ఇచ్చింది. తేల్చింది బోరుల దొరికిన రాయి.

ఆకాశం నుంచి కూడ ఈ కాంటా పెడతరు. 2002ల ఎగిరిన గ్రేస్ ఉపగ్రహాలు పంజాబ్, హర్యానా దిక్కు భూమి బరువు తగ్గుతున్నదని పట్టుకున్నయి. తగ్గింది మనుషులు తోడిన నీళ్ళు. 2002 నుంచి 2008 దాక 109 ఘనపు కిలోమీటర్ల భూగర్భ జలం పోయిందని 2009ల లెక్క అచ్చయింది. వందల కిలోమీటర్ల ఇలాకా మీదనే ఆ లెక్క నడుస్తది, మీ బాయిల ఎన్ని మట్ల నీళ్ళున్నయో అది చెప్పదు.

మరి ఇదంత మనకెందుకు? ఒకటి భూకంపం. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం కాడ 5.7 తీవ్రతతోని వచ్చింది. 2024 డిసెంబర్ 4 పొద్దుగాల ములుగు కాడ 5.3 వచ్చింది. కరీంనగర్‌ల గిన్నెలు కదిలినయి. రెండూ ఈ కుంగిన లోయ ఇలాకాలనే. గ్రావిటీ పటంల అంకె ఎక్కడ ధబాలున మారుతదో అక్కడ పగులు ఉండే అవకాశం ఎక్కువ. కడెం పగులు, కిన్నెరసాని-గోదావరి పగులు అని పేర్లు పెట్టిన గీతలు పటాలల్ల ఉన్నయి. ఎప్పుడు కదులుతదో ఏ కాంటా చెప్పదు. కాని బడి, దవాఖాన, డ్యాము కట్టేటప్పుడు ఆ గీతలు ముందల పెట్టుకోవాలె కదా.

రెండోది భూమి. గ్రావిటీ సర్వే వచ్చిందంటె గని వచ్చినట్టు కాదు. దేశం మొత్తం పటం గీసేటందుకు కూడ జీఎస్ఐ ఈ కొలతలు తీస్తది. 2017ల విమానాల మీద అయస్కాంత కొలతల కార్యక్రమం మొదలువెట్టిండ్రు, 8 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగ. సర్వేకు, గనికి నడుమ చానా మెట్లుంటయి. ఏ మెట్టు మీద ఉన్నరో పట్టుకునుడే మన పని. బొగ్గు భూములకు 1957 చట్టం ఒకటున్నది. అండ్ల నాలుగో సెక్షన్ నోటిఫికేషన్ అంటె ఇక్కడ బొగ్గు వెతుకుతం అని. ఏడో సెక్షన్ అంటె భూమి తీసుకుంటం అని. ఏడో సెక్షన్ వచ్చిన 30 రోజులల్ల అభ్యంతరం రాసియ్యాలె, ఆ గడువు దాటితె చేతులు కట్టేసుకున్నట్టే. వెతికేటప్పుడు పంటకు నష్టం అయితె దానికి పరిహారం అడిగే హక్కు ఆరో సెక్షన్ల ఉన్నది. షెడ్యూల్డ్ ఏరియాలల్ల అయితె 1996 పెసా చట్టం ప్రకారం భూసేకరణకు ముందు గ్రామసభను అడగాలె. సభల అధికారి రంగుల పటం చూపించి "కింద ఉన్నది, సైన్స్ చెప్పింది" అంటె, సారూ ఇది కాంటా పటం, బోరు ఎక్కడ వేసిండ్రు, ఎన్ని వేసిండ్రు, ఎంత లోతుల ఏం వచ్చింది చూపియ్యుండ్రి అనాలె. అట్ల అడిగితె గదిల గాలి మారుతది, నేను చూసిన.

ఆ పటాలు దొరకయి అనుకోకుండ్రి. జనం పైసలతోని తీసిన మూల సమాచారం అందరికీ ఉచితంగ ఇయ్యాలని 2016 జాతీయ ఖనిజ అన్వేషణ విధానంల రాసిండ్రు. జీఎస్ఐ భూకోశ్ పోర్టల్, 2023 డిసెంబర్‌ల తెరిచిన నేషనల్ జియోసైన్స్ డేటా రిపాజిటరీ, రెండింట్ల పేరు నమోదు చేసుకొని చూడొచ్చు. కంపెనీలోళ్ళు చూస్తున్నరు. డిగ్రీ సదివిన మన పిలగాండ్లు ఊరికొకలన్న చూడాలె.

ఆ తమ్ముడు పోయి డబ్బా సార్లను మంచిగనే అడిగిండట. వాళ్ళు ఉత్తర్వు కాయితం చూపించిండ్రు. వాళ్ళ నాయిన కూడ ఎంట పోయి, "మా చెల్క ఎంత బరువున్నదట సారూ?" అన్నడట. సారు నవ్వి, ఒక్క చెల్క అంకెతోని ఏం తెల్వదు పెద్దమనిషీ, సుట్టు ఊర్లయి కూడ కావాలె అనుకుంటనే ఆ అంకె చీటీ మీద రాసిచ్చిండట. తమ్ముడు ఫొటో తీసి నాకు పంపిండు. చూస్తె దాని మీద ఎత్తు రాయలే. ఎత్తు లేకుంటె ఆ అంకెతోని పనేం లేదు, రేపు పోయి అది కూడ రాపిచ్చుకో అన్న.